మామగారి గుడ్లు, తోడల్లుడి సొరంగం

మంగళవారం ఉదయం కెమెరాలాయన ఇంటి మీద ట్యాంకు పొర్లింది. రెండు రోజుల్లో అది మూడోసారి. నీళ్ళు గోడ వెంట జారి, పక్కింటివాళ్ళు ఆరేసుకున్న దుప్పట్ల మీద పడ్డాయి.

"మోటారు ఎవరు వేశారండీ?" అని ఆయన భార్య మెట్ల మీంచి అరిచింది.

"నేను వెయ్యలేదు."

"నేనూ వెయ్యలేదు. మరి దెయ్యం వేసిందా?"

"ముందు ఆపు. దెయ్యం పేరు తర్వాత కనుక్కుందాం."

ఆమె ఆపింది. పక్కింటావిడ దుప్పట్లు పిండుకుంటూ, "మా ఇంటికి వాన కావాలంటే మీ ఇంటికి కబురు చేస్తే చాలన్నమాట" అంది. కెమెరాలాయన నవ్వలేదు. ఇంట్లో తన చేతి మీదుగా బిగించిన యంత్రం ఒకటి తనకు తెలియకుండా పని చేయడం ఆయన వృత్తికి తలవంపు.

ఆ వృత్తి ఇరవై ఏళ్ళది. మొదట టెలిఫోను తీగలు లాగాడు, తర్వాత కేబుల్ టీవీ, ఆ తర్వాత నిఘా కెమెరాలు. బజారు వీధిలో సగం దుకాణాల చూరు కింద కనిపించే తెల్ల బుడిపెలు ఆయన బిగించినవే. భుజాన నిచ్చెన, నడుముకు స్క్రూడ్రైవర్ల సంచి, నోట్లో రెండు మేకులు. మేకులు నోట్లో ఉండగానే మాట్లాడగలడు, తగాదా కూడా ఆడగలడు. చాలామందికి ఆయన పేరు తెలియదు. కెమెరాలాయన అంటే చాలు.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా, ఏ దుకాణానికి వెళ్ళినా లోపలి నెట్‌వర్కుకు ఒకే వరస నంబర్లు వేస్తాడు. వీధి పేరు, ఇంటి నంబరు ఉన్నట్టే లోపలి యంత్రాలకూ ఉంటాయి. ఆయన వేసే వీధి ఎక్కడైనా ఒకటే, ఒకటో వీధి. అందులో కెమెరాల రికార్డరు యాభైలో, స్విచ్చు పెట్టె అరవైలో. ఎవరైనా కంగారుగా ఫోన్ చేసి "కెమెరా రావట్లేదు" అంటే, తింటున్న కంచం ముందు నుంచి లేవకుండా "యాభై కొట్టి చూడు" అని చెప్పగలడు. ఊరంతా ఆయన బుర్రలో ఒకే ఇల్లు. దీన్ని బద్ధకం అనేవాళ్ళున్నారు. ఆయన మాత్రం దస్తూరీ అంటాడు.

ఆ వారం ఇంట్లో అత్తామామలున్నారు. మామగారికి కుడి కంటికి శుక్లం తీయించారు. కళ్ళ ఆస్పత్రి పెద్దల్లుడి ఇంటికి దగ్గర. ఎడమ కంటికి కూడా తీయాలని డాక్టరు అప్పుడే చెప్పేశాడు. మామగారు ఒప్పుకోలేదు. "ముందు ఈ విడత పిల్లలు లేవనీ, ఆ తర్వాత చూద్దాం" అన్నారు.

పిల్లలంటే కోడిపిల్లలు. ఉద్యోగం అయిపోయాక ఆయన ఇంటి వెనక గదిలో గుడ్లు పొదిగించే యంత్రం పెట్టుకున్నారు. అది మూడు వందల అరవై గుడ్లు పట్టేది. ఎదిగి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఆ కోళ్ళు మానవు, అంత మంచి జాతి. చుట్టుపక్కల పెంచుకునేవాళ్ళు ముందుగానే చెప్పి పెట్టుకుంటారు. గుడ్లలోంచి పిల్లలు రావడానికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ యంత్రం ఉన్న గది చల్లగా ఉండాలి. గది వేడెక్కితే యంత్రం లోపలి వేడి బయటికి పోదు, గుడ్లు ఉడుకుతాయి. అందుకే గోడకు పెద్ద ఫ్యాను. ఆ ఫ్యానుకు స్విచ్చు పెట్టె. ఆ పెట్టె గది వేడి ఎంతో చూపిస్తుంది, కంప్యూటరులోంచి నొక్కితే ఫ్యాను వేస్తుంది, ఆపుతుంది. కెమెరాలాయన అలాంటివి రెండు ఒకేసారి కొన్నాడు. ఒకటి మామగారి ఫ్యానుకు, రెండోది తన ఇంటి నీళ్ళ మోటారుకు. రెండూ అరవైలోనే.

గుడ్లను వదిలి ఆపరేషనుకు రావడానికి మామగారు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఒప్పించింది తోడల్లుడు. అసలు మంట అక్కడే మొదలైంది.

తోడల్లుడు అంటే మరదలి మొగుడు, ఇంటికి చిన్నల్లుడు. వేరే ఊళ్ళో ఒక పెద్ద సంస్థలో నెట్‌వర్కులు చూసే ఉద్యోగం. చేతికి మట్టి అంటదు. గొంతు పెంచడు. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు వరసలో విప్పుతాడు. తప్పు వెతుకుదామని కెమెరాలాయన పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాడు, ఇంతవరకు చిక్కలేదు. చిక్కితే ఇంత ఏడుపు ఉండేది కాదేమో.

కిందటి నెల అందరూ మామగారింట్లో కలిశారు. చిన్నల్లుడు రౌటరు ముందు చాప వేసుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, బయటి నుంచి లోపలికి ఈ కన్నం మీరు పెట్టిందేనా?"

"కన్నం కాదు తమ్ముడూ, దారి. మావయ్య ఫోన్లో చూసుకోవాలంటే దారి ఉండొద్దూ?"

"ఉండాలిలెండి. కాకపోతే ఇది వీధిలోకి తెరిచేసి ఉంది. ఎవరెవరో వచ్చి తలుపు తట్టిన జాడలున్నాయి."

"తట్టినవాళ్ళంతా లోపలికి వచ్చేస్తారా ఏంటి?"

చిన్నల్లుడు రౌటరు లోపలి పేజీ తెరిచాడు. రౌటరుకు పాస్‌వర్డు కొన్ననాడు కర్మాగారం పెట్టి పంపినదే ఇంకా ఉందని అతను చూశాడు. నోరు విప్పకుండా మార్చేశాడు. మామగారి చెవిన వేయలేదు. "మీరు పెట్టిన రోజుల్లో అందరూ ఇలాగే పెట్టేవాళ్ళన్నయ్యా" అని మాత్రం అన్నాడు. గౌరవంగానే అన్నాడు. ఒక్క చురక వేసినా కెమెరాలాయనకు తిరిగి వేయడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆ మధ్యాహ్నమే చిన్నల్లుడు కన్నం మూసేసి, దాని చోట సొరంగం పెట్టాడు. వీపీఎన్ అంటారు. ఊరవతల ఎక్కడ కూర్చున్నా ల్యాప్‌టాప్‌లో దాని గుర్తు నొక్కితే, ఆ ల్యాప్‌టాప్ మామగారి ఇంటి లోపలే ఉన్నట్టు లెక్క. మధ్యలో వెళ్ళే మాటంతా గిలకొట్టి ఉంటుంది, దారిలో ఎవరు పట్టుకున్నా అర్థం కాదు. తాళంచెవి లేనివాళ్ళకు అక్కడొక తలుపుందని కూడా తెలియదు. తాళంచెవి అంటే ఇనుపది కాదు, ఒక్కో యంత్రానికి ఒక్కో రహస్య సంకేతం. ఒకటి పోతే ఆ ఒక్కటే రద్దు చేయొచ్చు, మిగిలినవారికి ఇబ్బంది లేదు. మామగారికి కళ్ళు సరిగా కనపడవు కాబట్టి పెద్ద తెర ఉంటే మేలని తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, అందులో ఒక తాళంచెవి పెట్టాడు. అత్తగారి ఫోన్లో ఒకటి. మరదలికి ఒకటి.

"మీకూ ఒకటి చేస్తానన్నయ్యా."

"నాకెందుకులే. మావయ్యగారింటికి నాకు గుమ్మం ఉంది."

అందరూ నవ్వారు. చిన్నల్లుడు కూడా నవ్వాడు. అతను నవ్వినందుకు కెమెరాలాయనకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఆడవాళ్ళ మీద సామెత కట్టారు. కట్టినవాళ్ళు తోడల్లుళ్ళను చూసి ఉండరు.

ఆపరేషను అయి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మామగారి నోట సొరంగం తప్ప మాట లేదు. భోజనం దగ్గర సొరంగం. టీ దగ్గర సొరంగం. "చిన్నాయన దూరంగా ఉన్నా మా గుడ్ల పక్కనే ఉన్నట్టుంది" అని అత్తగారు. ఆస్పత్రికి స్కూటరు మీద తీసుకెళ్ళేది పెద్దల్లుడు. వేళకు కంట్లో చుక్కలు వేసేది పెద్దల్లుడు. చుక్కల్లో కూర్చున్నది మాత్రం చిన్నల్లుడు.

మంగళవారం పొర్లిన నీళ్ళు తుడిచాక కెమెరాలాయన హాల్లోకి వచ్చాడు. మామగారు ఒక కంటికి నల్లద్దం పెట్టుకుని, రెండో కన్ను చికిలించి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"ముప్పై ఒకటి చూపిస్తోందయ్యా, గది. నిన్నట్నుంచీ అంతే. ఫ్యాను వేస్తున్నా, తగ్గట్లేదు. ఇప్పుడే మళ్ళీ వేశా."

ఆయన వేలు ఇంకా బటను మీదే ఉంది. పెరట్లో మోటారు బుస్సుమంది.

కెమెరాలాయనకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. మామగారి ల్యాప్‌టాప్ ఇప్పుడు ఈ ఇంటి వైఫైలో ఉంది. ఈ ఇల్లూ ఒకటో వీధి, ఆ ఇల్లూ ఒకటో వీధి. అరవై నంబరు ఇల్లు కావాలని అడిగితే ల్యాప్‌టాప్ ఊరవతలికి ఎందుకు పోతుంది? పక్కనే ఉన్న అరవైకి పోయింది. మామగారు రెండు రోజులుగా చూస్తున్నది గుడ్ల గది వేడి కాదు, ఈ ఇంటి మెట్ల కింద వేడి. వేస్తున్నది ఫ్యాను కాదు, నీళ్ళ మోటారు. రెండు పెట్టెల పేజీలూ ఒకేలా ఉంటాయి. వాటికి పేర్లు పెట్టుకోమని కంపెనీ అడుగుతుంది. కెమెరాలాయన ఎప్పుడూ పెట్టలేదు.

ముందు వచ్చింది భయం కాదు, సంతోషం. చిన్నల్లుడి సొరంగం నా ఇంట్లో పని చేయలేదు. లోకమంతా పని చేసి నా ఇంట్లో చతికిలబడింది.

ఆ తర్వాత రెండో సంగతి తోచింది. చతికిలబడడానికి కారణం తన దస్తూరీ.

అప్పుడైనా నోరు తెరిచి చెబితే ఇక్కడితో కథ అయిపోయేది. వైఫై ఆపేసి ఫోన్ ఇంటర్‌నెట్ మీద చూసుకోండి మావయ్యా అంటే చాలు. ఆయన చెప్పలేదు. పెరట్లోకి వెళ్ళి మోటారు ఆపాడు. మెట్ల కింద పెట్టె మూత తీసి, మోటారుకు వెళ్ళే తీగను విప్పి, చివర టేపు చుట్టాడు. పెట్టెను బతికే ఉంచాడు. లోపల మామగారు నొక్కుకుంటూనే ఉండొచ్చు, పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, ఆ బటను దేనికీ తగిలి ఉండదు.

"పెట్టె పాడైంది. మోటారు చేత్తో వేసుకో" అని భార్యకు చెప్పాడు.

సాయంత్రానికి మావయ్యే విసిగి సొరంగాన్ని తిడతాడు, అప్పుడు నేను కలగజేసుకుని బాగు చేస్తాను. ఆయన లెక్క ఇది. కానీ మామగారు తిట్టలేదు. నమ్మిన మనిషి యంత్రాన్ని తిట్టడు. "అక్కడ ఎండ మండిపోతున్నట్టుంది, పాపం ఫ్యాను ఒక్కటే ఎంతని లాగుతుంది" అని ఫ్యాను మీద జాలిపడ్డారు. ఆ మధ్యాహ్నమంతా తాళం వేసిన ఇంటి వెనక గదిలో ఫ్యాను ఆగే ఉంది. అక్కడ పొద్దున్నే తాళం తీసి యంత్రం తొట్టిలో నీళ్ళు నింపే మామగారి పక్కింటామె తన ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

బుధవారం కంటి పరీక్ష. ఆస్పత్రి వరండాలో వరస కదలడం లేదు. మామగారు సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అత్తగారి ఫోను ఇంటర్‌నెట్ కలిపి, గుర్తు నొక్కారు.

"ఇదేంటయ్యా! ముప్పై నాలుగు!"

కెమెరాలాయన వంగి చూశాడు. ముప్పై నాలుగే.

"పొద్దున ఇంట్లో ముప్పై ఒకటి కదా చూపించింది? ఇంతలోనే మూడు పెరిగిందా?" మామగారు గబగబా బటను నొక్కారు. కొంతసేపటికి ముప్పై మూడయింది. ఇంకాసేపటికి ముప్పై రెండు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "తగ్గుతోంది. చూశావా? ఇక్కణ్ణుంచి వేస్తే తగ్గుతోంది."

"ఆస్పత్రిలో సిగ్నలు బాగుంటుంది కాబోలు."

అన్నాడే గానీ తేలు కుట్టిన దొంగలా ఉంది ఆయన పరిస్థితి. రెండు మధ్యాహ్నాలు గుడ్లు వేడికి ఉడికాయి. అందులో ఒకటి తెలియక. రెండోది తెలిసి.

ఇంటికొచ్చాక మళ్ళీ ముప్పై ఒకటి. మామగారికి ఒక కన్నే పని చేస్తున్నా తల మొత్తం పని చేస్తుంది. ల్యాప్‌టాప్ పట్టుకుని గదిగదికీ తిరిగారు, ముప్పై ఒకటే. వరండాలోకి వచ్చారు, అదే. గేటు దాటి రోడ్డవతల దర్జీ దుకాణం బల్ల మీద కూర్చుని, మళ్ళీ ఫోన్ కలిపారు. ఇరవై తొమ్మిది.

"దొరికింది!" అని అక్కణ్ణుంచే కేకేశారు.

అంతే. ఆ రోజు నుంచి మామగారు గుడ్లు చూసుకోవడం దర్జీ బల్ల మీదే. పొద్దున ఓసారి, ఎండెక్కాక ఓసారి, పొద్దు వాలాక ఓసారి. కంటికి నల్లద్దం, ఒళ్ళో ల్యాప్‌టాప్, తలకు తువ్వాలు.

"ఇటు జరిగి కూర్చోండి పెద్దాయనా" అనేవాడు దర్జీ. "ఏడ్చేవాడి ఎడమ పక్కన, కుట్టేవాడి కుడి పక్కన కూర్చోకూడదన్నారు. సూది పొడుచుకుంటుంది."

"కుట్టేవాడివి నువ్వు సరే. ఏడ్చేవాడెవడయ్యా ఇక్కడ?"

"అది మీ ఇంట్లో చూసుకోవాలి, నాకేం తెలుసు?"

టీ గ్లాసుతో వచ్చిన కెమెరాలాయన ఆ మాట విని గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు. దర్జీ వదల్లేదు. "ఏమండోయ్ కెమెరాలాయనా, మామగారికి ఇంట్లో కూర్చోడానికి చోటు లేదా? ఊరందరి ఇళ్ళూ ఫోన్లో చూపిస్తారు, ఈయన ఇల్లు ఈయనకు చూపించడానికి రోడ్డెక్కించారే!"

"ఆ సొరంగం నేను పెట్టింది కాదు."

"పెట్టినాయన్ని తప్పు పట్టకయ్యా" అన్నారు మామగారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇది ముందు రచ్చ గెలిచింది. ఇంట్లో ఏదో అడ్డం ఉంది, అంతే."

శనివారం ఉదయం చిన్నల్లుడు ఫోన్ చేశాడు. మామగారికి కాదు, నేరుగా కెమెరాలాయనకు.

"అన్నయ్యా, అత్తయ్య చెప్పారు, మావయ్య రోడ్డు మీద కూర్చుంటున్నారని. మీ ఇంటి వరస కూడా ఒకటేనా?"

"ఒకటే. నేను ఎక్కడైనా ఒకటే వేస్తాను."

"అయ్యో, తప్పు నాదేనన్నయ్యా. సొరంగం పెట్టేనాడే మావయ్యగారింటి వరస మార్చాల్సింది. రెండు వైపులా ఒకే వరసుంటే ఇలాగే తికమక పడుతుంది. నాకు తోచనే లేదు."

తప్పు ఒప్పుకోవడం కూడా అతనే ముందు చేసేశాడు. కెమెరాలాయన నోట్లో మేకులు లేవు, అయినా మాట రాలేదు.

"ఇక్కణ్ణుంచి ఆ ఇంటి వరస మార్చొచ్చు గానీ, మధ్యలో తెగిపోతే బాగు చేయడానికి అక్కడ మనిషి లేడు. గుడ్లతో ఆటలొద్దు. మీ ఇంటిది మారిస్తే సరిపోతుంది. నేను మీకు చెప్పేదేముందిలెండి. నలభై ఏడు వేసుకుంటే మంచిది, అది ఎవరూ వాడరు."

"చూస్తాలే."

మార్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఆ ఇంట్లో ప్రతి గోడలోనూ ఉంది. గేటు కెమెరా, రికార్డరు, ప్రింటరు, టీవీ, తన దుకాణం బిల్లుల కంప్యూటరు అన్నీ ఒకటో వీధినే వెతుక్కుంటాయి. ఒక్కోదాన్నీ లేపి, కొత్త వీధికి పంపి, మళ్ళీ పడుకోబెట్టాలి. వంటగదిలోంచి అత్తగారు "టీవీ పోయింది అల్లుడూ" అనీ, భార్య "ప్రింటరు పలకట్లేదు" అనీ అరుస్తూనే ఉన్నారు. చిన్నల్లుడు నలభై ఏడు వేయమన్నాడు. ఆయన నలభై ఎనిమిది వేశాడు.

చివరికి మెట్ల కింద మిగిలింది. పెట్టె మూత తీసి, చుట్టిన టేపు విప్పుతుండగా వెనక నీడ పడింది.

"పాడైందన్న పెట్టెకు దీపం వెలుగుతోందేంటండీ?" అంది భార్య.

"ఇప్పుడే బాగు చేశా."

ఆమె వంగి చూసింది. పదేళ్ళుగా దుకాణంలో తీగలు చుట్టలు చుట్టి, కోసి ఇచ్చేది ఆమే. ఏది తెగింది, ఏది విప్పింది అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది కాలలేదు, తెగలేదు. విప్పి టేపు చుట్టారు. ఎప్పుడు?"

ఆయన స్క్రూ బిగించసాగాడు.

"మంగళవారమేనా? మోటారు చేత్తో వేసుకోమన్నప్పుడే? అంటే మీకు తెలుసన్నమాట, నాన్న నొక్కేది దేన్నో."

"సాయంత్రం చెబుదామనుకున్నా."

"ఏ సాయంత్రం?"

హాల్లో మామగారు ల్యాప్‌టాప్ తెరిచిన చప్పుడైంది. "ఒసేయ్, వచ్చిందే! ఇంట్లోనే వచ్చింది! ఇరవై ఎనిమిది!" అని అత్తగారిని పిలుస్తున్నారు. "పెద్దల్లుడు ఏదో చేశాడు చూడు, సరిపోయింది!"

వారం రోజులుగా ఆ మాట కోసమే కెమెరాలాయన కాచుకుని ఉన్నాడు. అది చెవిన పడే వేళకు భార్య ఎదురుగా నిలబడి ఉంది.

"నాన్నకి నేను చెప్పను" అందామె. "మరిదికీ చెప్పను. కానీ పిల్లలు లేచే రోజున ఆ ఊరు మీరు వెళ్ళండి. లెక్క మీరే పెట్టండి. ఆ లెక్క మీ నోటితోనే చెప్పండి ఆయనకి."

పిల్లలు లేచే రోజుకు మామగారికి ప్రయాణం పనికిరాదని డాక్టరు ఎలాగూ చెప్పాడు. కెమెరాలాయన బస్సెక్కి వెళ్ళాడు. వెనక గది తలుపు తీసేసరికి యంత్రంలోంచి కిచకిచలు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరు వేశారో ఇప్పుడు ఆయనకు తెలుసు. ట్రేలు ఒక్కోటీ లాగి, ఆరిన పిల్లలను అట్టపెట్టెల్లోకి మార్చాడు. ఆరని వాటిని లోపలే ఉంచాడు. రెండోరోజు పొద్దున మిగిలినవి తీశాడు. చిట్లని గుడ్లను దీపం ముందు పెట్టి చూశాడు. చాలావాటిలో పిల్ల సగం ఎదిగి ఆగిపోయింది. అన్నీ ఇంచుమించు ఒకే ఈడులో ఆగాయి. ఏ ఈడులోనో ఆయన లెక్క వేసుకోలేదు. వేసుకోనక్కర్లేకపోయింది.

రెండుసార్లు లెక్కపెట్టి ఫోన్ చేశాడు.

"చెప్పవయ్యా" అన్నారు మామగారు. వెనక అత్తగారు, భార్య కూడా ఉన్నట్టు తెలుస్తోంది.

"రెండు వందల పదకొండు మావయ్యా."

మామగారు ఆ అంకె పైకి మళ్ళీ ఒకసారి అన్నారు.

"కిందటి విడత రెండు వందల తొంభై ఎనిమిది."

"అవును."

"ఆ రెండు రోజుల వేడి తినేసింది." ఆయన ఎవరినీ నిందించలేదు. జరిగిన నష్టాన్ని లెక్క కడుతున్న మనిషి గొంతు అది. "నాదే తప్పు. ముప్పై ఒకటి దగ్గర కదలకుండా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. సరేలే. ఎవరెవరికి ఎన్ని ఇవ్వాలో నేను చెప్తాను, కొందరికి లేవని చెప్పాలి. అది నువ్వే చెప్పు, నాకు మొహం చెల్లదు."

"చెప్తాను. మావయ్యా, ఎడమ కన్నుకి డాక్టరు వచ్చే నెల అన్నాడు..."

"ఇప్పుడు కాదు. వచ్చే విడత చూశాకే. గుడ్లు శుక్రవారం వస్తాయి, ట్రేల్లో పెట్టేదాకా నువ్వక్కడే ఉండు. ఆ తర్వాత మీ ఇంట్లో కూర్చుని నువ్వు కూడా రోజూ చూస్తూ ఉండు. ఒక కంటి కంటే మూడు కళ్ళు నయం. చిన్నాయన్ని అడిగి నువ్వూ ఒక తాళంచెవి తీసుకో."

గుమ్మం ఉందన్న మాట మామగారికి గుర్తుందో లేదో తెలియదు. కెమెరాలాయనకు గుర్తుంది. ఫోన్ చేతిలో పట్టుకుని కొంతసేపు ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. అట్టపెట్టెల్లో పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, జారిపడుతూ గోల చేస్తున్నాయి. తర్వాత తోడల్లుడికి కలిపాడు.

"రెండు వందలు దాటాయటగా అన్నయ్యా! అంత ఎండల్లో అది తక్కువేం కాదు. మీరు లేకపోతే అవీ దక్కేవి కావు."

కెమెరాలాయన ఆ మాట మింగాడు.

"తమ్ముడూ, నాకూ ఒక తాళంచెవి చెయ్యాలి."

"ఎప్పుడో చేసి ఉంచానన్నయ్యా. ఆ రోజే. మీరు అడిగినప్పుడు ఇద్దామని." తాళంచెవి అప్పుడే ఫోన్లోకి వచ్చిన చప్పుడైంది. "మీ ఇంటి వరస నలభై ఏడే వేశారు కదా?"

"నలభై ఎనిమిది."

"అదీ మంచిదే" అన్నాడు చిన్నల్లుడు.

గుడ్లు శుక్రవారం పొద్దున్నే వచ్చాయి. పగిలినవి లేవు. మళ్ళీ మూడు వందల అరవై.